పువ్వు పుట్టగానే పరిమళించకపోతే

65 ఆటలు, 16 గోల్స్. పదిహేడేళ్లు నిండిన కొన్ని నెలలకు మొదలుపెట్టి, ఇరవయ్యోయేడు నడుస్తుండగా ముగిసేనాటికి, సొంత క్లబ్బు కొన్నాళ్లకని పంపగా నాలుగు ఫుట్‌బాల్ జట్లకు అరువు మీద ఆడిన ఒక సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టడమే పనిగా ఉన్నవాడి లెక్క ఇది. సగటున నాలుగు ఆటలకు ఒక గోల్ అన్నమాట. పేరు దాచిపెట్టి ఈ అంకెలను మా అమలాపురం వైపు ఏ గ్రౌండులో చెప్పినా, గట్టు మీద కూర్చున్న పెద్దమనుషులు ఆ కుర్రాణ్ణి వెనక్కి దించి ఆడించమనో, చదువు చూసుకోమనమనో తీర్పు చెప్పేస్తారు. ఆ కుర్రాడి పేరు హ్యారీ కేన్. తర్వాత అతడు టోటెన్‌హమ్ క్లబ్బుకు 280 గోల్స్ చేశాడు, వాటిలో ఇంగ్లండ్ పై అంచె పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో చేసినవే 213. ఇంగ్లండ్ జాతీయ జట్టు చరిత్రలో అతడికంటే ఎక్కువ గోల్స్ చేసినవాడు లేడు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలు ఊరికే అని ఉండరు. సంగీతంలోను, లెక్కల్లోను, చదరంగంలోను ఆ మాట నిజమైన సందర్భాలు మనందరికీ తెలుసు. కానీ ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టే పని అప్పగించిన కుర్రాడి విషయంలో ఆ సామెతను నమ్ముకుని నిర్ణయాలు తీసుకోవడం అన్యాయం; అన్యాయమన్న సంగతి అలా ఉంచినా, తెలివితక్కువ పని. గోల్ కొట్టేవాడు పెద్దవాళ్ల మధ్య, ఓడితే ఎవరికో ఒకరికి నిజంగా నష్టం కలిగే ఆటల్లో, కొన్ని పదుల సార్లు దిగిన తర్వాత గాని బయటపడడు. ఆ ఆటలేవీ ఆడించకుండానే పిల్లవాడిలో సత్తా లేదని తేల్చిపారేయడం మన డెల్టాలో ఏటా జరుగుతున్న తంతు. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణే గాని కోచ్‌ను కాను. సాయంత్రాలు ఈల పట్టుకుని పిల్లల ఆటలు నడిపించే అలవాటు ఉండడం వల్ల ఈ తంతును దగ్గరగా చూస్తున్నాను.

కేన్ 1993 జూలై 28న లండన్‌లోని వాల్తమ్‌స్టోలో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో అతడిని తీసుకున్న ఆర్సెనల్ క్లబ్బు శిక్షణ అకాడమీ ఒక్క సీజన్ కాగానే పంపించివేసింది. అప్పుడా అకాడమీ బాధ్యతలు చూసిన లియమ్ బ్రేడీ, పిల్లవాడు కాస్త బొద్దుగా ఉండేవాడని, చురుకైన ఆటగాడిలా కనిపించలేదని, తాము పొరబడ్డామని తర్వాత చెప్పాడు. బ్రేడీ సామాన్యుడు కాడు, ఐర్లండ్ తరఫున ఆడిన గొప్ప ఆటగాడు. అంతటివాడి కన్నే ఎనిమిదేళ్ల పిల్లవాడి దగ్గర మోసపోయింది. ఇందులో పుట్టిన నెల పాత్ర కూడా ఉంది. ఇంగ్లండ్‌లో పిల్లల వయసు వర్గాలను సెప్టెంబరు నుంచి లెక్కగడతారు కాబట్టి, జూలైలో పుట్టినవాడు తన జట్టులో అందరికంటే చిన్నవాళ్లలో ఒకడవుతాడు. ఆ వయసులో పది నెలల తేడా అంటే రెండంగుళాల ఎత్తు, దానికి తగిన బలం. మన దగ్గర ఈ లెక్క వేయడం మరీ కష్టం. నా తరంలో సగం మంది బడి రికార్డుల ప్రకారం జూన్ నెలలోనే పుట్టారు, అంతా హెడ్మాస్టరు గారి చేతి చలవ. ఇప్పుడు మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసే పద్ధతి వచ్చింది గాని, అది వయసు తగ్గించి చెప్పినవాణ్ణి పట్టుకోవడానికే తప్ప, ఆలస్యంగా ఎదిగేవాణ్ణి ఓపిక పట్టి ఉంచుకోవడానికి ఎవరూ వాడడం లేదు.

ఆర్సెనల్ వదిలేసిన కేన్ తన పాత జట్టు రిడ్జ్‌వే రోవర్స్‌కు తిరిగి వెళ్లాడు. వాట్‌ఫర్డ్‌లో కొన్నాళ్లు పరీక్షార్థిగా ఆడి, ఆ ఆటల్లోనే టోటెన్‌హమ్ వారి కంట్లో పడి, 2004లో వారి అకాడమీలో చేరాడు. అక్కడ కూడా మొదట ఆడింది మధ్య వరుసలోనే. 2010 జూలైలో క్లబ్బుతో వృత్తి ఒప్పందం కుదిరింది. 2011 జనవరిలో మూడో అంచెలో ఉన్న లేటన్ ఓరియంట్‌కు అరువుగా పంపారు. ప్రీమియర్ లీగ్ కింద చాంపియన్‌షిప్, దాని కింద లీగ్ వన్, ఆ కింద లీగ్ టూ, ఇంకా కింద పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ఆడే జట్లు: ఇంగ్లండ్ నిచ్చెన ఇలా కిందికి దిగుతూనే ఉంటుంది. ఓరియంట్‌లో రోచ్‌డేల్ మీద సబ్‌స్టిట్యూట్‌గా మొదలుపెట్టిన కేన్ 18 ఆటల్లో 5 గోల్స్ చేశాడు. ఆ ఏడాది ఆగస్టులో టోటెన్‌హమ్ తరఫున తొలిసారి దిగినప్పుడు స్కాట్లండ్ జట్టు హార్ట్స్ మీద పెనాల్టీ సంపాదించి, తానే కొట్టి, గోల్‌కీపర్ చేతికి చిక్కించాడు. పద్దెనిమిదేళ్లవాడికి సొంత గ్రౌండులో, మొదటి ఆటలో అది ఎంత పెద్ద అవమానమో ఊహించుకోవచ్చు.

అసలు పాఠం 2012 జనవరి నుంచి మిల్‌వాల్‌లో జరిగింది. పట్టికలో అడుగున మిగిలి చాంపియన్‌షిప్ నుంచి కింది అంచెకు జారిపోతామేమోనన్న భయంలో ఉన్న జట్టు అది, ఓటమిని సహించే అభిమానులు కారు వాళ్లు. అటువంటి చోట జట్టు జారిపోతే ముప్పై దాటిన ఆటగాళ్లకు జీతాలు తెగుతాయి, కొందరికి ఒప్పందాలే పోతాయి. మంచి స్థితిలో నిలబడి కూడా బంతిని దాటించలేకపోయిన కుర్రాణ్ణి అలాంటివాళ్లు ఎలా చూస్తారో ఏ అకాడమీ నేర్పలేదు. కేన్ అక్కడ 27 ఆటల్లో 9 గోల్స్ చేసి, ఆ ఏటి క్లబ్బు యువ ఆటగాడిగా ఎంపికయ్యాడు. మిల్‌వాల్ జారిపోకుండా గట్టెక్కింది. కథ అక్కడి నుంచి సాఫీగా సాగి ఉంటే నేనీ వ్యాసం రాయాల్సిన పని లేదు. తర్వాతి సీజన్ నార్విచ్‌లో మొదలైంది. వెస్ట్‌హామ్ మీద ఆటలో గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్న అవకాశాన్ని పోగొట్టుకున్నాడు, కొద్దిరోజులకే పాదంలో ఎముక విరిగింది. మొత్తం 5 ఆటలు, సున్నా గోల్స్. 2013 ఫిబ్రవరిలో లెస్టర్‌కు వెళితే 15 ఆటల్లో 2 గోల్స్, ఎక్కువసార్లు అదనపు ఆటగాళ్ల బల్ల మీద కూర్చోవడం.

ఆ నాలుగు చోట్ల అతడు ఏం నేర్చుకున్నాడన్నది గోల్స్ లెక్కలో కనిపించదు. గోల్‌కు వీపు పెట్టి నిలబడ్డప్పుడు వెనక ఉన్న డిఫెండర్ మోచేయి ఎక్కడ తగులుతుందో చూసి, అతడి బరువు ఏ కాలి మీద ఉందో పసిగట్టి, బంతి రాకముందే ఏ వైపు తిరగాలో తేల్చుకోవడం ఒకటి. పిల్లల ఆటలో ఇది అలవడదు, ఎందుకంటే పిల్లల ఆటలో డిఫెండర్‌కు ఆ కుయుక్తులు తెలియవు. రెండోది, ఆట మొత్తంలో వచ్చే ఒకటి రెండు అవకాశాల కోసం ఎనభై నిమిషాలు ఖాళీ పరుగులు తీయగలిగే ఓపిక. స్ట్రైకర్, అంటే గోల్ కొట్టేవాడు, తీసే పరుగుల్లో చాలావాటికి బంతి రాదు. వచ్చిన ఒక్కసారి ఆలోచన తడబడకుండా ఉండాలంటే, అంతకుముందు అదే పరిస్థితిలో చాలాసార్లు తడబడి ఉండాలి. వేగం పెద్దగా లేని కేన్‌కు ఈ రెండూ లేకపోతే ఆటే లేదు.

డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఆకుమడిలో నారు ఎంత పచ్చగా, ఎంత ఒత్తుగా ఉన్నా, అదను దాటేదాకా అక్కడే ఉంచితే ముదిరిపోతుంది. ముదురు నారు ఊడ్చిన చేను సరిగా పిలకలు వేయదు. అకాడమీలో, స్కూలు జట్టులో మంచి కుర్రాడని దాచి పెట్టుకోవడం అలాంటిదే.

2013 మేలో, పై అంచెకు ఎక్కడానికి ఆడే చాంపియన్‌షిప్ ప్లేఆఫ్ సెమీఫైనల్‌లో లెస్టర్ వాట్‌ఫర్డ్ చేతిలో ఓడిపోయింది. ఆ పోటీ నాటి ఫోటో ఒకటి ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. లెస్టర్ బల్ల మీద కేన్ పక్కన ఆ జట్టు మరో స్ట్రైకర్ జేమీ వార్డీ కూర్చుని ఉంటాడు. అప్పటికి వార్డీకి ఇరవై ఆరేళ్లు. ఒడ్డూపొడుగూ లేవని షెఫీల్డ్ వెన్స్‌డే అకాడమీ కుర్రతనంలోనే వదిలేస్తే, కాళ్లు సరిగా పనిచేయని వారికి తొడిగే ఊతలు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తూ స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న జట్టుకు ఆడుకున్నాడు. 2012లో పది లక్షల పౌండ్లు పెట్టి లెస్టర్ కొనుక్కున్నాక మొదటి సీజన్ ఎంత పేలవంగా గడిచిందంటే, ఆట మానేద్దామని కూడా అనుకున్నాడు. మూడేళ్లు తిరిగేసరికి 2015–16 ప్రీమియర్ లీగ్‌లో కేన్ 25 గోల్స్, వార్డీ 24 గోల్స్ చేశారు, ఆ ఏటి విజేత లెస్టర్. ఆ బల్ల దగ్గర నిలబడి వీళ్లిద్దరిలో ఎవరు పైకి వస్తారని అడిగి ఉంటే ఇద్దరి పేర్లూ చెప్పే మనిషి దొరికేవాడు కాడు.

కేన్ విషయంలో టోటెన్‌హమ్ చేసిన గొప్ప పని ఏమిటంటే, ఆ 65 ఆటల లెక్క చూసి కూడా అతడిని అమ్మేయలేదు. 2014 ఏప్రిల్‌లో సండర్లండ్ మీద తొలిసారి ప్రీమియర్ లీగ్ ఆట మొదటి నుంచి ఆడించారు, ఆ ఆటలోనే గోల్ చేశాడు. ఆ నవంబరులో ఆస్టన్ విల్లా మీద చివరి నిమిషంలో ఫ్రీకిక్‌తో ఆట గెలిపించాక అతడిని మళ్లీ బల్ల మీద కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ సీజన్‌లో 31 గోల్స్ చేశాడు. 2015 మార్చిలో ఇంగ్లండ్ తరఫున లిథువేనియా మీద దిగిన నిమిషంన్నర లోపే గోల్ చేశాడు.

ఇదంతా దొరల దేశంలో మాట, మనకెందుకంటారేమో. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి సంగతి చూడండి. తండ్రి సైనికోద్యోగి కావడంతో ఊళ్లు తిరిగి, ఢిల్లీలో ఆడి, 2002లో మోహన్ బగాన్‌లో చేరాడు. అంత పెద్ద క్లబ్బులో కుర్రవాడికి నిలకడగా ఆటలు దొరకలేదు. 2005లో పంజాబులోని ఫగ్వారా జట్టు జేసీటీకి వెళ్లాకే వరుసగా ఆడే అవకాశం వచ్చింది, 2007లో దేశంలో ఆ ఏటి మేటి ఆటగాడయ్యాడు. 2008లో ఢిల్లీలో తజికిస్తాన్ మీద జరిగిన ఆసియా దేశాల పోటీ ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ ఫైనల్‌లో హ్యాట్రిక్ చేశాడు. అంటే ఛెత్రిని నిలబెట్టినది కూడా పెద్ద పేరు నుంచి ఒక మెట్టు దిగి, ఆటలున్న చోటుకు వెళ్లడమే. ఆ జేసీటీ జట్టును 2011లో మూసేశారు. ఛెత్రి తర్వాత ఎవరన్న ప్రశ్న దేశమంతా ఇన్నేళ్లుగా వేసుకుంటూ ఉంటే, ఆ ప్రశ్నకు జవాబు అటువంటి జట్లు మూతపడిన చోట వెతకాలి. పైపెచ్చు మన పెద్ద క్లబ్బులు గోల్ కొట్టే పనికి విదేశీయులను తెచ్చుకుని మనవాళ్లను అంచులకు నెట్టేస్తున్నాయి. తెలుగు పిల్లలకు చేతకాదనడానికి వీల్లేదు: నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లి వచ్చింది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లు ఇంగ్లండ్ స్ట్రైకర్ మైకేల్ ఓవెన్ పేరు తప్పకుండా ఎత్తుతారు. పదిహేడేళ్లకే లివర్‌పూల్ తరఫున దిగి మొదటి ఆటలోనే గోల్ చేశాడు, పద్దెనిమిదేళ్లకు 1998 ప్రపంచకప్పులో అర్జెంటీనా మీద చేసిన గోల్‌ను చూసినవాళ్లెవరూ మరిచిపోరు. పుట్టగానే పరిమళించిన పువ్వు కాదా అది? అవును. అటువంటివాళ్లు ఉంటారు, వాళ్లను గుర్తుపట్టడానికి ఏ కోచూ అక్కరలేదు. కానీ పెరిగే ఒంటి మీద అంత బరువు పడ్డ ఓవెన్‌కు 1999లో, పందొమ్మిదేళ్లకే, తొడ వెనక కండరం తెగింది. అప్పటి నుంచి గాయాలు అతడిని వదలలేదు. ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. అరువు జట్లకు వెళ్లిన కుర్రాళ్లలో కేన్ ఒక్కడు తేలితే, తేలకుండా పోయినవాళ్లు వందలమంది కదా అన్నది. నిజమే, ఇంగ్లండ్ అకాడమీల్లో చేరిన పిల్లల్లో చాలా కొద్దిమందే ఆ ఆటతో బతకగలుగుతున్నారు. నేను చెప్పేది ప్రతి కుర్రాడూ కేన్ అవుతాడని కాదు. పోయేవాడు కూడా ఆటలు ఆడి, తన స్థాయి ఏమిటో తానే చూసుకుని పోవాలి. అరవై ఆటలు ఆడి వెనుదిరిగిన కుర్రాడికి, ఒక్క పూట సెలక్షన్స్‌లో తిరస్కారం పొందిన కుర్రాడికి మధ్య ఉన్న తేడా ఆ ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

ఇక మన సెలక్షన్స్ గురించి. పొద్దున్నే ఏడింటికల్లా రమ్మంటారు, ఎండెక్కిన తర్వాత మొదలుపెడతారు. ఒకరి మొహం ఒకరు ఎరుగని ఇరవై ఇద్దరిని రెండు జట్లుగా విడగొట్టి, పావుగంట ఆడించి, షామియానా కింద కూర్చుని మార్కులు వేస్తారు. ఆ పావుగంటలో తన పనితనం కనిపించాలి కాబట్టి బంతి దొరికిన ప్రతివాడూ నలుగురిని దాటుకుని వెళ్లాలని చూస్తాడే తప్ప ముందున్నవాడికి పాస్ ఇవ్వడు. ఇందులో అందరికంటే ఎక్కువ నష్టపోయేది స్ట్రైకరే, అతడి పని ఇతరులిచ్చే బంతి మీద ఆధారపడింది కనుక. మా వైపు కుర్రాడొకడు అలా ఆడుతుండగా నేను గీత దగ్గర నిలబడి చూశాను. బంతి మధ్యలో ఉండగానే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసుకుని, డిఫెండర్‌కు కనిపించేలా ఎడమకు రెండడుగులు వేసి, వాడు బరువు అటు మార్చగానే కుడివైపు సందులోకి దూసుకుపోయాడు. ఎవరూ నేర్పని పరుగు అది. బంతి ఉన్న కుర్రాడు తల ఎత్తలేదు. మళ్లీ అదే పరుగు తీశాడు, మళ్లీ బంతి రాలేదు. షామియానా కింద ఉన్నవారి కాగితంలో పరుగులకు గడి లేదు. బంతి తగలని కుర్రాడికి వేయడానికి మార్కులూ లేవు. సాయంత్రం అతడి తండ్రి నా దగ్గరికి వచ్చి, "ఒక్కమాట చెప్పండి మాస్టారూ, వీడు పనికొస్తాడా, రాడా? రాడంటే ఇప్పుడే హాస్టల్లో పడేస్తానండి," అన్నాడు. ఇంకా ఎవరూ చూడలేదండీ, చూస్తే గదా చెప్పడానికి, అన్నాను. ఆయనకు అది జవాబులా అనిపించలేదు. పిల్లవాడు హాస్టల్లో చేరాడు.

సెలక్షన్స్ కాకపోతే మనకున్నవి సంక్రాంతికీ వేసవిలోనూ జరిగే టోర్నమెంట్లు. అవన్నీ నాకౌట్లే. ఎనిమిది జట్ల నాకౌట్‌లో మొత్తం ఏడు ఆటలు జరుగుతాయి. నాలుగు జట్లు ఒక్క ఆట ఆడి ఇంటికి పోతాయి. ఆ నాలుగు జట్లలోని స్ట్రైకర్లకు ఆ పండక్కి ఆట ముగిసినట్టే. అవే ఎనిమిది జట్లు లీగు పద్ధతిలో ఒకరి ఊరికి ఒకరు వెళ్లి రెండేసిసార్లు ఆడితే మొత్తం 56 ఆటలు, ప్రతి జట్టుకూ 14. రెండు సీజన్లు తిరిగేసరికి ఒక్కో కుర్రాడికి 28 ఆటలు. అప్పుడు గట్టు మీద కూర్చుని తీర్పు చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

మన నేలా, మన నీరూ కూడా దీనికి కొంత అడ్డే. వానాకాలంలో గ్రౌండ్లు నీళ్లలో నానుతాయి, నల్లమట్టి బూటుకు అంటుకుని కాలు లేవదు. తొలి పంట సార్వా కోతలు అవుతూనే రెండో పంట దాళ్వా ఊడ్పులు మొదలవుతాయి కాబట్టి చేలు ఖాళీగా దొరికేది దాళ్వా కోసి, కాలువలు కట్టేసిన ఎండాకాలంలోనే. కానీ డిసెంబరు నుంచి మార్చి దాకా స్కూళ్ల, కాలేజీల గ్రౌండ్లు ఆటకు పనికొస్తాయి, వారానికొక్క ఆట చొప్పున 14 ఆటలకు ఆ నాలుగు నెలలు సరిపోతాయి. దూరాలు కూడా పెద్దవి కావు. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం, కొత్తపేట, రావులపాలెం ఉదయం బస్సెక్కి సాయంత్రానికి తిరిగి రాగల ఊళ్లు. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, ఎదుర్లంక వంతెన దాటితే యానాం. ఒకప్పుడు నది దాటించే పంటు కోసం రేవులో పడిగాపులు పడ్డ చోట్లే ఇవి. ఇంగ్లండ్‌ను చూసి నేను కాపీ కొట్టాలనుకునేది ఇంకొక్కటే: పెద్ద ఊరి జట్టులో బల్ల మీద కూర్చున్న రెండో స్ట్రైకర్‌ను ఆ సీజన్‌కు చిన్న ఊరి జట్టుకు అరువివ్వడం, సొంత జట్టు మీద మాత్రం ఆడనివ్వకపోవడం. దీనికి డబ్బు అక్కరలేదు, ఇద్దరు పీఈటీల మధ్య మాట చాలు. అయినా ఇదే అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. మా కుర్రాణ్ణి మీకెందుకిస్తామన్న పౌరుషం మనకు ఎక్కువ.

సంక్రాంతి కమిటీ వారి దగ్గర ఈ ప్రస్తావన తెచ్చాను. బంతుల ఖర్చు, బస్సు చార్జీలు, రిఫరీకి ఇచ్చే సొమ్ము లెక్కగట్టి చూపిస్తే పెద్దగా బెదరలేదు. వాళ్ల బెంగ వేరే ఉంది. బహుమతి ఇచ్చే దాత పేరు ఫైనల్ రోజున మైకులో చదవాలి, శాలువా కప్పాలి, ఫైనలే లేకపోతే ఆయన ఎందుకిస్తాడని ఒక పెద్దాయన అడిగారు. లీగు పెడితే ఆయన పేరు వారం వారం ఒక్కో ఊళ్లో చదవొచ్చు కదండీ అన్నాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, దాత గారితో మాట్లాడి కబురు పెడతామన్నారు.